రెండో జంట

మా అన్న భిక్షపతి నాలుగు పైసలు మిగలాలని నా పెళ్ళి ముహూర్తం దాటించాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఇరవై ఏడేళ్ళ కిందటి సంగతి. ఆనాడు పందిట్లో ఉన్నవాళ్ళలో సగంమంది చచ్చిపోయారు, మిగిలినవాళ్ళు మరిచిపోయారు. నేను చావలేదు, మరిచిపోలేదు. ఇప్పుడు గౌలిపురలో మా గల్లీ చివర, కులసంఘం భవనం ముంగిట, ఇనుప కుర్చీలో కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాను. పది దాటి ఎనిమిది నిమిషాలు. పందిరి ఒక్కటే. పీటలు రెండు జతలు. కుడివైపు మా అన్న కొడుకు ప్రకాశం, ఎడమవైపు నా కొడుకు వైకుంఠం. మా వాళ్ళలో పెళ్ళి మగపిల్లవాడి ఇంటి దగ్గరే చేస్తారు కనుక ఇద్దరు పెళ్ళికూతుళ్ళూ నిన్ననే వచ్చి దిగారు. సన్నాయి ఒకటి, డోలు ఒకటి, ఫోటోలవాడు ఒకడు, పంతులు ఒకడు. రామానుజం పంతులు నిన్న సాయంత్రమే చెప్పాడు, లగ్నం పదీ పదహారు నుంచి పదీ నలభై దాకానని, ఆ తర్వాత వర్జ్యమని. ఒక జంటకు జీలకర్రబెల్లం, పుస్తె కట్టించడం పావుగంట పని. రెండు జంటలకు అరగంట. ఇరవై నాలుగు నిమిషాల్లో అరగంట ఎట్లా పడుతుంది? ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివిన నాకు తెలిసిన లెక్క ఇది. తెలియనట్టు అందరూ నవ్వుతూ తిరుగుతున్నారు. ప్రకాశం రెండేళ్ళు పెద్ద కనుక వాడిది ముందు. పెద్దవాడిది ముందు కావడం మా ఇంట్లో కొత్త కాదు.

భార్య పోయినవాడిని, పీటల దగ్గర నాకు పని లేదు. తల్లీతండ్రీ కూర్చోవలసిన చోట మా చెల్లెలు సక్కుబాయీ ఆమె మొగుడూ కూర్చున్నారు. నాకు కుర్చీ చూపించారు, ఎండ పడని చోటే చూపించారు. ఇక్కడి నుంచి గడియారం బాగా కనిపిస్తుంది, నా కొడుకు వీపు కనిపిస్తుంది. నేను గడియారం చూసి బతికిన మనిషిని. నీళ్ళ డిపార్టుమెంటులో వాల్వు తిప్పే పని. తెల్లవారుజామున నాలుగున్నరకు శాలిబండ వైపు విప్పాలి, అయిదుంబావుకు కట్టాలి, అయిదున్నరకు ఇటువైపు విప్పాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే గల్లీ ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని నా తల్లినీ తండ్రినీ తలుచుకుంటారు. నీళ్ళకు వేళ ఉంటుంది. వేళ దాటిన తర్వాత నల్లాలో గాలి వస్తుంది, బుస్సుమని. అంతే. నా భార్య కృష్ణమ్మ ఆ చప్పుడు విన్నప్పుడల్లా నవ్వేది. మన పెళ్ళిలో సన్నాయి గిట్లనే మోగింది గదా అనేది.

ఒకే పందిరి వద్దని నేను చెప్పాను. వంద మందిలో చెప్పాను. వైకుంఠం వినలేదు. వాడు నా మీద అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేవాడిని. నెమ్మదిగా పక్కన కూర్చుని, "బాపూ, ఒక్క పూట ముచ్చటకు గింత ఖర్చెందుకు? మిగిలిన పైసలతోని కళావతికి కుట్టుమిషను కొంట. ఆమె చేతుల పని ఉన్నది" అన్నాడు. వాడికి కుదిరిన కళావతి పత్తర్‌గట్టిలో షేర్వాణీలు కుట్టే లక్ష్మయ్య బిడ్డ, తండ్రి పక్కన కూర్చుని కాజాలు కుట్టి పెరిగిన పిల్ల. పందిరిలో మిగిలిన డబ్బుతో వస్తువు కొనుక్కోవడం తప్పని చెప్పడానికి నోరు కావాలి, ఆ నోరు నాకు లేదు. ఊరుకున్నాను. ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నారు. మా అన్న ఆలేరు నుంచి మరునాడే బస్సెక్కి వచ్చాడు.

వచ్చినవాడు నన్ను బేగంబజారుకు లాక్కుపోయాడు. డెబ్బై ఏళ్ళ ముసలాడిలా వంగి నడుస్తాడు కానీ ఇత్తడి కొట్టు కనిపిస్తే వెన్ను నిటారవుతుంది. ప్రతి బిందెనూ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. సేఠ్‌తో, దో షాదియా హై సేఠ్, జర సమజ్‌కే బోలో, కాస్త చూసి ధర చెప్పు అన్నాడు. ఆ సేఠ్ కూడా అటువంటివాడే, రెండు పెళ్ళిళ్ళ ఇల్లు బర్కత్ ఉన్న ఇల్లని, కలిసివచ్చే ఇల్లని పొగుడుతూనే తూచే తరాజు మీద వేలు ఆనించాడు, మా అన్న ఆ వేలిని పట్టుకుని పక్కన పెట్టాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. చత్తాబజారులో శుభలేఖలు రెండు జంటలకూ కలిపి ఒకటే వేయించాడు. రెండో జంట పేర్లు కింద పడ్డాయి, చోటు చాలక అక్షరాలు చిన్నవయ్యాయి. లాడ్‌బజారులో గాజుల ఆమెతో గంటసేపు బేరమాడి, రెండు దుల్హన్‌లకు తీసుకుంటున్నానని చెప్పి ఒక డజను ఊరికే పెట్టించుకున్నాడు. ఆ డజను ఎవరికి చేరిందో నేను అడగలేదు. మాతో వచ్చిన సక్కుబాయి మాత్రం ఊరుకోలేదు. చార్మినార్ నీడలో నిలబడి చాయ్ తాగుతూ, రెండు పెళ్ళిళ్ళకు ఆడబిడ్డ కట్నం ఒక్కటే ఇస్తావా అన్నా అని నిలదీసింది. "నువ్వు ఒక్కదానివే గదనే ఆడబిడ్డవు. రెండు చీరలు ఒక్కసారే ఎట్ల కడ్తవ్?" అన్నాడు మా అన్న. చాయ్ హోటలువాడితో సహా అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. గ్లాసు మూతికి పెట్టుకుని ఆపుకున్నాను.

పదీ పదిహేడు. ప్రకాశానికీ వాడి పెళ్ళికూతురికీ మధ్య తెర పట్టారు. లగ్నం మొదలై ఒక నిమిషం పోయింది. పంతులు గొంతు సవరించుకుంటున్నాడు. ఎడమవైపు పీటల మీద నా కొడుకు నుదుటి బాసింగం సర్దుకుంటున్నాడు, కొత్తది, వెండి కాగితం మెరుస్తున్నది. బాసింగాలు మాత్రం రెండు జతలు తెచ్చాను, నేనే వెళ్ళి తెచ్చాను, అక్కడ ఎవరి మాటా వినలేదు. ఆనాడు ఒకే పందిట్లో మా అన్నదీ నాదీ పెళ్ళిళ్ళయినప్పుడు, నా నుదుటికి కట్టింది మా అన్న నుదుటి నుంచి విప్పిన బాసింగం. దారం తడిగా ఉంది. ఆయన చెమట. కృష్ణమ్మకు కట్టింది మా వదిన విప్పినది, దానికి వదిన కుంకుమ అంటుకుని ఉంది. అప్పటికి కృష్ణమ్మకు పదహారేళ్ళు. తల వంచుకుని కట్టించుకుంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు అప్పటికే విస్తళ్ళ వైపు లేచిపోయారు. అక్షింతలు పళ్ళెంలో అడుగున నాలుగు గింజలున్నాయి. పుస్తెల పళ్ళెం మొదటి పెళ్ళిలో ఊరంతా తిరిగింది, అందరూ ముట్టి దీవించాలి కదా, మా వదిన తండ్రికి ఊళ్ళో పలుకుబడి, ఆయన కోసం వచ్చిన పెద్దమనుషులకు పళ్ళెం ఒక్కొక్కరి ముందుకూ పోయింది, రావలసిన పట్వారీ గుర్రం దిగేదాకా పళ్ళెం ఆగింది. పంతులు ఎండలోకి వెళ్ళి నీడ కొలిచి చూసి వచ్చి మా అన్న చెవిలో ఏదో అన్నాడు. మా అన్న తల అడ్డంగా ఊపాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి పంతులు మంత్రాలు తొందర తొందరగా చదివాడు, మధ్యలో కొన్ని మింగాడు. లగ్నం దాటిపోయిందని మాకు చెప్పవలసిన పని లేకపోయింది. ఆ పందిట్లో కుక్కకు కూడా తెలుసు.

నాది మిగిలిన పెళ్ళి అనేది కృష్ణమ్మ. మీర్ ఆలం మండీలో చీకటిపడ్డాక వాడిపోయిన కూరగాయలు చవకగా తెస్తే, తెచ్చినవి తిరగేసి చూసి, "నాకు అలవాటే గదయ్యా, ఎంగిలి బాసింగం కట్టుకున్నదాన్ని" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు నాకు ఒంటికి పట్టేది కాదు. మొదటి పిల్ల పురిటిలోనే పోయినప్పుడు నవ్వలేదు. రెండో పిల్లవాడు పదకొండు నెలలు ఉండి జ్వరంతో పోయినప్పుడు, దాటిన ముహూర్తం దాటినట్టే ఉంటది అని ఒక్క మాట అని గోడ వైపు తిరిగి పడుకుంది. మా అన్నకు నలుగురు పిల్లలు, నలుగురూ బతికారు. ఆయన నగరానికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే అన్నం. కృష్ణమ్మ వడ్డిస్తూ, బావా, మీ ముహూర్తం మంచిగుండె, పిల్లలు మంచిగున్నరు అనేది. ఆయన తల ఎత్తేవాడు కాదు. పచ్చిపులుసు పోసుకుని కలుపుకుంటూనే ఉండేవాడు, కలిపింది తినేవాడు కాదు. ఆ తర్వాత నేనూ రెండు మాటలు అనేవాడిని, పొదుపు గురించి, తమ్ముడి పెళ్ళిని తాకట్టు పెట్టినవాళ్ళ గురించి. ఆయన చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, పోయొస్త తమ్మీ అని బస్సుకు వెళ్ళేవాడు. నోరు లేనివాడు కాదు మా అన్న. బేగంబజారు సేఠ్‌లను ఓడించినవాడు. మా ఇంట్లో మాత్రం ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

ఆయన ఎందుకు విప్పలేదో నాకు తెలుసు. తెలిసినందుకే ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పదీ ఇరవై నాలుగు. తెర దించారు, చప్పట్లు కొట్టారు, ఫోటోలవాడు ఆగమన్నాడు, ఫ్లాష్ బల్బు వెలగలేదు, మళ్ళీ పట్టమన్నాడు, మళ్ళీ తెర పట్టారు. ఒక్క ఫోటోలవాడు. నాకు దప్పికగా ఉంది, లేవబుద్ధి కావడం లేదు. నా పెళ్ళికి పది రోజుల ముందు, అప్పటికి మా నాయన లేడు, అన్నదే పెద్దరికం, పొలం గట్టు మీద చుట్ట కాలుస్తూ అడిగాడు. ఒక్క పంతులుతో రెండు పెళ్ళిళ్ళు లగ్నంలో పడవట తమ్మీ, వంగపల్లి నుంచి ఇంకో పంతులును పిలవాలంటే ఆయనకు సంభావన, బండి, నీ పీటల దగ్గరకు వేరే సరంజామా, అన్నీ కలిపి ఇంత అవుతుంది, లేకుంటే ఆ డబ్బుతో నీకు సైకిలు వస్తుంది, మోత్కూరులో పాతది ఒకటి అమ్మకానికి ఉంది, చూసి వచ్చాను అన్నాడు. "పంతులా, సైకిలా? నువ్వే చెప్పు" అన్నాడు. నాకు పందొమ్మిదేళ్ళు. సైకిలు అన్నాను. ఆలోచించుకొమ్మన్నాడు. ఆలోచించేదేమీ లేదు, సైకిలే అన్నాను. ఇంకా, నీది ముందు కానియ్యి, లగ్నం పోతే నాకు పోనియ్యి, అదంతా ఎవరు నమ్ముతారు అని కూడా అన్నాను. పొలం గట్టు మీద మేమిద్దరమే ఉన్నాం. ఆ సైకిలు మీదే నగరానికి వచ్చాను. సైకిలు ఉన్నవాడికి వాల్వుల పని ఇస్తామన్నారు, అందుకే ఇచ్చారు. దాని వెనక కృష్ణమ్మను కూర్చోబెట్టుకుని మూసీ దాటించాను, సాలార్‌జంగ్ దివాణం చూపించాను, కడుపుతో ఉన్నప్పుడు దవాఖానాకు తీసుకుపోయాను. కిస్తుల మీద తీసుకున్నానని ఆమెకు చెప్పాను. కిస్తులు అయిపోయాయా అని అడిగితే ఇంకా రెండున్నాయి అన్నాను. చచ్చిపోయేదాకా ఆమెకు తెలియదు. మా అన్న చెప్పలేదు. నా అన్నం తింటూ, నా భార్య మాటలు పడుతూ, నా మాటలు కూడా పడుతూ, ఒక్క ముక్క చెబితే సరిపోయేదానికి చెప్పకుండా కూర్చున్నాడు. ఎవడు అడిగాడు ఆయన్ని అంత మంచివాడిగా ఉండమని? చెప్పి ఉంటే కృష్ణమ్మ నన్ను నాలుగు తిట్టేది, ఒక వారం మాట్లాడేది కాదు, తర్వాత తీరిపోయేది. ఆయన ఊరుకున్నాడు కనుక నేను అబద్ధంలో ఉండిపోవలసి వచ్చింది. ఆమె పోయే ముందురోజు, ఊపిరి అందకుండా, పోరనిది ఒక్కనిదే పందిరి వెయ్యి, చిన్నదైనా సరే, వేళకు కానియ్యి అని నా మణికట్టు పట్టుకుంది. వేస్తానన్నాను. వేళకు చేస్తానన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఆమె మీ అన్నను నమ్మకు అంది. నమ్మనన్నాను.

పదీ ఇరవై ఏడు. పంతులు పుస్తెల పళ్ళెం చేతికి తీసుకున్నాడు. పందిరి నిండా జనం. ఈ పళ్ళెం తిరగడం మొదలైతే పది నిమిషాలు. నా కొడుకు ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు, వాడికేమీ తెలియదు, వాడికి కుట్టుమిషను కనిపిస్తున్నది. కళావతి తల వంచుకునే పక్కనున్న పిల్లకు తన చీర అంచు సరిగా మడవమని చేత్తో చూపిస్తున్నది. లేవాలి. లేచి వెళ్ళి, పంతులూ, నా కొడుకుది ముందు కానియ్యి అనాలి. అంతే పని. కృష్ణమ్మకు ఇచ్చిన మాట అంత చిన్నదిగా మిగిలింది, పది అడుగులు నడవడం, ఒక మాట అనడం. నా కాళ్ళు బరువుగా లేవు, నా నోరు బాగానే ఉంది. అప్పుడు మా అన్న లేచాడు. పీటల పక్క నుంచి, తన కొడుకు పెళ్ళి మధ్యలో వదిలేసి, జనం మోకాళ్ళు తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చి, కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన చేతిలో పళ్ళెం ఉంది. పంతులు చేతిలో నుంచి తీసుకుని వచ్చాడు.

"తమ్మీ, మావోనిది ఆగుతది. వైకుంఠానిది ముందు కట్టిద్దాం. పంతులుకు జెప్పిన" అన్నాడు. ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "ఆనాటిది నా తప్పే అనుకో."

అనుకో. తప్పు నాది అనలేదు, నీది అనలేదు. అనుకో అన్నాడు. సైకిలు మాట ఎత్తుతాడేమోనని ఆయన కళ్ళలోకి చూశాను. ఎత్తలేదు. ఇప్పుడు కూడా ఎత్తలేదు. ఆ ముసలి మొహంలో బేరం లేదు, అలసట ఉంది. ఆ పళ్ళెం నేను ముడితే చాలు, అటువైపు తిరిగి నా కొడుకు దగ్గరికి పోతుంది, లగ్నంలో పుస్తె పడుతుంది, కృష్ణమ్మ మాట నిలబడుతుంది. ముడితే ఇంకొకటి కూడా అవుతుంది. ఇరవై ఏడేళ్ళూ నేనన్న మాటలన్నీ ఆయన తీసుకున్నట్టే అవుతుంది, తీసుకుని తీర్చేసినట్టవుతుంది, పదమూడు నిమిషాల లగ్నం ఇచ్చి. ఎంత చవక. ఇత్తడి బిందెను వేలితో కొట్టి చూసే మనిషి, నా బతుకంతటినీ టోకున కొనడానికి వచ్చాడు. ఈ కోపం పోతే నా దగ్గర ఏం మిగులుతుంది? పొలం గట్టు మీద సైకిలు కావాలన్న పందొమ్మిదేళ్ళవాడు మిగులుతాడు. వాడితో నేను ఒక్క రోజు కూడా ఒకే ఇంట్లో ఉండలేను.

"పెద్దోనిది ముందు. గట్లనే కానియ్యి" అన్నాను.

"తమ్మీ, టైము లేదు."

"నాకు గడియారమున్నది."

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, దాన్ని ఆసరా చేసుకుని లేచి, తిరిగి వెళ్ళాడు. పళ్ళెం వరుసలోకి పోయింది. ప్రతి చెయ్యీ ముట్టింది. సంఘం అధ్యక్షుడు వామన్‌రావు ముట్టడానికి ముందు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, తుడుచుకోవడానికి ఒక నిమిషం పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు, నేనూ పెట్టలేదు. పదీ ముప్పై ఏడుకు ప్రకాశం పుస్తె కట్టాడు. సక్కుబాయి మూడో ముడి వేసింది. ఫోటోలవాడు ఆగమన్నాడు. పదీ నలభైకి పంతులు నా కొడుకు వైపు పీటలకు తిరుగుతూ నా వంక ఒకసారి చూశాడు. నేను డోలు వాయించేవాడిని చూశాను. తెర పట్టారు. పంతులు మంత్రాలు మింగలేదు, అన్నీ చదివాడు, ఈ పంతులు మంచివాడే. పదీ యాభై రెండుకు వైకుంఠం కళావతి మెడలో పుస్తె కట్టాడు. జనం ఎవరూ లేచిపోలేదు. అక్షింతలు నిండుగా పడ్డాయి. నేనూ విసిరాను. దూరం నుంచి విసిరినవి కనుక వాళ్ళ మీద పడలేదు, ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ తలల మీద పడ్డాయి.

కాళ్ళు మొక్కడానికి ఇద్దరూ వచ్చారు. మా అన్న వాళ్ళ వెనకే ఉన్నాడు, కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. కళావతి వంగి లేస్తూ, తల వంచుకునే నెమ్మదిగా అడిగింది. పత్తర్‌గట్టి పిల్ల, సూటిగా అడుగుతుంది. "మామా, మాది లగ్నంల పడ్డది గదా? మా అమ్మ అడుగుతున్నది." నా కొడుకు నవ్వుతూ నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. మాట వచ్చేలోపు మా అన్న ముందుకు వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

"పడ్డది బిడ్డా. నేను జూస్తనే ఉన్న" అన్నాడు.

వాళ్ళు భోజనాల వైపు వెళ్ళారు. మా అన్న వెళ్ళకుండా నిలబడ్డాడు, నేనేదైనా అంటానని. నేను కుర్చీ మడిచి గోడకు ఆనించాను. పడలేదని అనలేదు, పడిందనీ అనలేదు. ఇక అనను. మా అన్న అడిగినా, నా కొడుకు ఎప్పుడైనా లెక్క చూసుకుని నిలదీసినా, ఇది నా నోట రాదు.